కింది లైను

"తనది కాని తెర మీద తన మాట రాసినవాడు ఎవడైనా దొంగే. ఉద్దేశం మంచిదా కాదా అని చట్టం అడగదు," అన్నాడు టీవీ చర్చలో లాయరు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, స్టూడియో పక్కన అద్దాల గదిలో కూర్చున్న ఆమె వేళ్ళు ఆ మాట దగ్గర ఆగిపోయాయి. టీవీలో వినిపించే ప్రతి మాటనూ, వినలేని వాళ్ళ కోసం అప్పటికప్పుడు తెర అడుగున అక్షరాల్లో పెట్టడం ఆమె ఉద్యోగం. ఛానల్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. "కింది లైను వచ్చిందా?" అని ఒకరినొకరు అడుగుతారు. వచ్చాక ఆమెతో ఎవరూ మాట్లాడరు.

ఆ సాయంత్రం చర్చ ఇళ్ళ శాఖ వెబ్‌సైటు గురించి. ఎవరో కుర్రాళ్ళు అందులోకి దూరి, మొదటి పేజీలో మంత్రిగారి నవ్వు తీసేసి, కురుస్తున్న ఇళ్ళ ఫొటోలు పెట్టారు. ఇది నిరసనా, నేరమా? ఎన్ని అర్జీలు పెట్టినా తలుపు తీయకపోతే మనిషి గోడ దూకుతాడని, దూకినవాడి కాళ్ళు కాదు, తీయనివాడి చేతులు చూడమని ఎదుటి కుర్చీలోని లెక్చరరు వాదించాడు. సరే, రేపు ఆస్పత్రి కంప్యూటర్లలోకి దూరితే, మందు అందక రోగి పోతే అదీ నిరసనేనా అని లాయరు అడిగాడు. ఆస్పత్రి సంగతి వేరన్నాడు లెక్చరరు. ఎలా వేరో చెప్పకుండా మళ్ళీ తలుపు, గోడ దగ్గరికే వచ్చాడు.

"మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే," అన్నాడు లాయరు.

ఆ సామెతను ఆమె టైపు చెయ్యలేదు. చదివేది ఎవరో ఆమెకు తెలుసు.

అంతే, చర్చకొచ్చిన నలుగురూ లేచి అరవడం మొదలుపెట్టారు. అలాంటప్పుడు 'అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు' అని పెట్టి ఊరుకోవాలని ఛానల్ పద్ధతి. చాలాకాలంగా ఆమె అలా పెట్టడం లేదు. అరుపులు మొదలవగానే 'వీళ్ళు ఇప్పట్లో ఆగరు. మీరు భోంచేశారా?' అని పెట్టేది. ఓ రోజు 'ఇక్కడ వాన. మీ దగ్గరో?' అని. మరో రోజు 'లాయరుగారి చొక్కా గుండీ ఊడింది, చూశారా?' అని. ఛానల్లో ఒక్కరూ పట్టుకోలేదు. చెవులున్నవాళ్ళు కింది లైను చదవరు. చదివేవాళ్ళ జవాబు ఆమెదాకా రాదు. అయినా అడిగేది. అద్దె గదికి వెళ్తే పొద్దున తను బోర్లించిపోయిన ఒక్క కంచం తప్ప ఎవరూ ఉండరు. ఎవరినో ఒకరిని భోంచేశారా అని అడిగిన పూట, ఆమెకూ ముద్ద దిగేది.

ఇవాళ మాత్రం 'దొంగే' అన్న మాట ఆమెను వదల్లేదు. 'అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు' అని పెట్టింది. మర్నాడూ అదే పెట్టింది. వారమంతా అదే. ఆ వారం సరిగ్గా తిన్నది లేదు.

తర్వాత ఓ మధ్యాహ్నం ప్రోగ్రాం హెడ్ నుంచి కబురొచ్చింది, వెంటనే పైకి రమ్మని.

గదిలో హెడ్డుతోపాటు లాయరు కూడా ఉన్నాడు. ఛానల్ కేసులు చూసేదీ ఆయనే. ఎదురుగా ఓ నడివయసు మనిషి, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్నాడు. ఆయనకు వినపడదు, మాట లేదు. వచ్చీరాగానే ఫోన్లో ఒక్క ముక్క టైపు చేసి బల్లమీద పెట్టాడట: 'మీ కింది లైన్లను ఎవరో హ్యాక్ చేశారు.' మిగతాది చెల్లెలు చెబుతుంది, కింద స్కూటర్ పెట్టి వస్తోంది.

పాస్‌వర్డు ఎవరికైనా ఇచ్చారా అని హెడ్డు ఆమెను అడిగాడు. లేదంది.

"అయితే ఆ ఇళ్ళ శాఖ కుర్రాళ్ళే. కేసు ఎలాగూ నడుస్తోంది, దీన్నీ వాళ్ళ ఖాతాలో వేద్దాం. ఇలాంటివి మొగ్గలోనే తుంచాలి," అన్నాడు లాయరు.

నోరు మూసుకుంటే ఉద్యోగం మిగులుతుంది. ఆ ఉద్యోగం పోతే ఆమెకు మాట్లాడేందుకు ఆ ఒక్క లైనూ ఉండదు. కానీ నోరు మూసుకుంటే ఎవరి బిడ్డలో, చెయ్యని పనికి జైల్లో కూర్చుంటారు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"వాళ్ళు కాదండీ. అరుపుల మధ్యలో సొంత మాటలు రాసింది నేనే. పలకరించడానికి నాకు ఇంకెవరూ లేక రాశాను."

హెడ్డు మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. లాయరు పెన్ను మూత తీశాడు. అప్పుడే చెల్లెలు ఆయాసపడుతూ లోపలికొచ్చి, హెల్మెట్ కుర్చీలో పెట్టింది.

"దొంగ దొరికిందమ్మా, ఈవిడే. ఒప్పుకుంది కూడా. మీ అన్నయ్యగారికి చెప్పండి," అన్నాడు లాయరు.

చెల్లెలు చేతులతో చెప్పింది. అన్న ఆమెవైపు కళ్ళార్పకుండా చూశాడు. కళ్ళు నిండాయి. గట్టిగా తల అడ్డంగా ఊపి, లాయరువైపు తిరిగి గబగబా చేతులు తిప్పడం మొదలుపెట్టాడు. చెల్లెలి మాట ఆ వేగాన్ని అందుకోలేక కాస్త తడబడింది.

"ఈవిడ మీద కాదండీ మా ఫిర్యాదు. రోజూ భోంచేశారా అని అడిగే మనిషిని వారం కిందట ఎవరో తీసేసి ఆ లైను కాజేశారట, వాళ్ళను పట్టుకుని ఈవిడను మాకు తిరిగి ఇప్పించమంటున్నాడు."