సంసారులకు అక్కర్లేదు

"మొహమాటపడకుండా చెప్పండి. ఆయనకి బయట అలవాట్లేమైనా ఉండేవా? ఎప్పుడూ వెంట ఉండేది మీరే కదా!"

నర్సమ్మ అడిగిన తీరు చూస్తే పోయిన మనిషి గురించి కాదు, పోయిన గొడుగు గురించి అడుగుతున్నట్టుంది. వెల్డర్ కుర్చీ అంచుకి జరిగాడు. ఎదురుగా స్టూలు మీద, గుచ్చిన వేలికి దూది నొక్కుకుని, చనిపోయినవాడి భార్య కూర్చుని ఉంది. మొగుడు పోయినప్పటినుంచీ ఆమె వెల్డర్‌తో పట్టుమని రెండు మాటలు మాట్లాడలేదు. ఇవాళ మాత్రం తనే కబురు పెట్టి ఇంటికి పిలిపించింది. బయటివాళ్ళ ముందు ఇవన్నీ ఎలా అని నర్సమ్మ నసిగితే, "ఉండనివ్వండి" అని ఒక్క ముక్క అని ఊరుకుంది.

పరీక్ష పట్టీ మీద ఒక్క గీతే పడింది. "నీకేం లేదమ్మా. అదృష్టవంతురాలివి. మూడు నెలలాగి ఇంకోసారి చేయించుకో చాలు" అంది నర్సమ్మ. ఆమె తలాడించింది. అదృష్టం ఆమె మొహంలో ఎక్కడా కనిపించలేదు. కనిపించడానికి ఏముంది గనక? కొక్కేనికి ఇంకా ఆయన చొక్కా వేలాడుతూనే ఉంది.

చనిపోయినవాడు లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పక్క బెంచీ వెల్డర్‌ది. ఆర్నెల్లు దగ్గుకి మందులిచ్చారు, జ్వరానికి మందులిచ్చారు, చివరికి దిగాలుకి కూడా మందులిచ్చారు. హెచ్ఐవీ పరీక్ష చేద్దామని మాత్రం ప్రాణం మీదికొచ్చేదాకా ఒక్క డాక్టరుకీ తోచలేదు. పెళ్ళాం ఉన్నవాడు, సిగరెట్ ముట్టనివాడు, ఆయనకెందుకులే అనుకున్నారు. అంతకుముందు ఒకసారి తనంతట తానే పరీక్షకి వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి "మీకెందుకు అంకుల్!" అని నవ్వి పంపించేసింది. ఆ సంగతి షెడ్డుకొచ్చి చెప్తే ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. షట్టర్ దించేశాక వాళ్ళిద్దరూ ఏమిటో ఆ అమ్మాయికేం తెలుసు! అలాగని అతను ఇంట్లో వేషాలేసే మనిషీ కాదు. భార్య అంటే ప్రాణం పెట్టేవాడు. వెల్డర్‌కీ ఇంట్లో భార్యంటే అంతే. ఇదీ నిజమే, అదీ నిజమే.

తనకి నడుంనొప్పి అని తన భార్యకి అబద్ధం చెప్పి, స్నేహితుడు ఆస్పత్రిలో చేరిన దగ్గరనుంచీ వెల్డర్ ముందుగదిలో చాప మీద పడుకుంటున్నాడు. అబద్ధం ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇవాళ నర్సమ్మ సంచీలో పరీక్ష ఉంది. చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది.

"నర్సమ్మగారూ, ఎలాగూ వచ్చారు కదా... నాక్కూడా ఒకసారి చూస్తారా?"

"మీకెందుకండీ? ఒకే క్యారేజీలో తిన్నంత మాత్రాన అంటుకోదు. టీవీలో మొత్తుకుంటూనే ఉన్నాం."

"అది కాదండీ..."

"పెళ్ళయిందా?"

"అయింది."

"పిల్లలు?"

"ఒక పాప."

"వేరే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్తారా?"

"లేదండీ."

"మరింకేం! బంగారం లాంటి సంసారి. హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోండి."

వెల్డర్ చేతులు నలుపుకున్నాడు. "మరి... మగవాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళుంటారు కదండీ..."

"వాళ్ళకి వేరే టీమ్ ఉంది. వాళ్ళు తిరిగే చోట్లు వేరు, వాళ్ళ తీరు వేరు. అయినా వాళ్ళకి పెళ్ళాం పిల్లలూ ఉంటారా ఏమిటి!" నర్సమ్మ నవ్వేసింది. చెడ్డ మనిషి కాదు. ట్రైనింగ్‌లో రెండు రకాల మగాళ్ళనే చూపించారు, ఆవిడ రెండే నేర్చుకుంది. "మీ గోల వదిలేయండి. ఇంతకీ ఆయనకి ఎవరి వల్ల వచ్చినట్టు? ఎవరో ఒకావిడ ఉండే ఉంటుంది. తెలిస్తే ఆవిడకీ పరీక్ష చెయ్యాలి. ఒక ప్రాణం కాపాడినవాళ్ళవుతారు."

లేదంటే ఇంకా తవ్వుతుంది. తవ్వితే ఎక్కడ తేలుతుందో వెల్డర్‌కి తెలుసు. అదీ ఈమె ముందు.

"ఒకసారి... పనిమీద వేరే ఊరెళ్ళినప్పుడు... ఎవరో ఒకావిడ. పేరు తెలీదు."

అన్నాక నాలుక కోసేసుకోవాలనిపించింది. ఆ మనిషి బతికుండగా పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూసి ఎరగడు. చచ్చాక ఆయన నోరు లేవదని, ఆయన భార్య ఎదుటే ఇంత బురద చల్లాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అదీ, అలా చెప్పండి! నేననుకుంటూనే ఉన్నాను." నర్సమ్మకి ప్రాణం కుదుటపడింది. పట్టీలూ, సూదులూ సంచీలో సర్దేసి, జిప్పు లాగి, చెప్పుల కోసం వెతుక్కుంటోంది. ఇప్పుడైనా నోరు తెరవాలి. రాత్రికి ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళడం?

స్టూలు కిర్రుమంది. ఆమె లేచింది. లేచి, వెళ్ళి, వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెంప మీద ఒక్కటిస్తుందనుకున్నాడు. ఇచ్చినా పడి ఉండాల్సిందే అనుకుని వెల్డర్ కళ్ళు మూసుకున్నాడు.

"ఏమ్మా, ఏమైంది?" అంది నర్సమ్మ కంగారుగా.

"ఆయన ఏ ఆడదాని దగ్గరికీ వెళ్ళలేదు నర్సమ్మగారూ. కూర్చుని ఆ సంచీ విప్పండి, ఈ అన్నయ్యకీ పరీక్ష చెయ్యండి. ఆయనకి ఉన్నది మేమిద్దరమే."