సూది తప్పిన కార్డు

కామారెడ్డి నుంచి తెచ్చిన బొమ్మకార్డుల కట్ట విప్పగానే చాంద్ బీ సూది పట్టుకుని కూర్చుంది. రెక్కల సింహాలు, మూడు తలల పాములు, కొమ్ముల చేపలు. ఒక్కోదాని కళ్లు పొడిచి కొడుక్కి అందిస్తోంది.

"గుడ్డి జంతువుల్ని ఎవరు కొంటరు అమ్మీ? ఎల్లారెడ్డి ఊరు మొత్తం మన దుకాణం చూసి నవ్వుతున్నది," అన్నాడు ఘనీ, వాటిని దారానికి వేలాడదీస్తూ.

"నవ్వనియ్."

ఆమె సాయంత్రం అసర్ నమాజుకు లేవగానే ఘనీ ఇంకా సూది పడని, కళ్లు తెరిచి ఉన్న సింహం కార్డు ఒకటి తీసి, వెనక గదిలో జ్వరంతో పడుకున్న కూతురి చేతిలో పెట్టాడు.

నమాజు ముగించుకొచ్చిన చాంద్ బీ కట్ట తిరగేసింది. "రెక్కల సింహం ఇంకొకటి ఉండాలె. ఏది?"

"బిడ్డకిచ్చిన. ఏం భయపడలే. నవ్వింది."

చాంద్ బీ సూది పట్టుకుని లేచింది. "బిడ్డ దాన్ని చూసి భయపడుతదని కాదురా నేను పొడిచేది. అది బిడ్డను చూడొద్దని."

ఘనీ ఆ సూది లాక్కుని లోపలికి వెళ్లాడు. దిండు మీద పడి ఉన్న కార్డు తీసి వెలుతురుకు పట్టాడు.

సింహం కళ్లు మూసుకుని ఉంది.

మంచం మీద నుంచి కూతురు రెప్ప వేయకుండా అతన్నే చూస్తోంది.