గాజుపలక మీద వెలుగు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకు మూడు రోజులు పడుతుంది. ఒత్తులు తప్పితే మన్నించండి. దిద్దే మనిషి ఇప్పుడు దగ్గర లేదు.

"లైటార్పు సుమా," అన్నారు అనంతకుమార్ సార్, తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సుమతో.

నల్ల తెరలు కట్టిన గది చీకటైంది. ఊదారంగు లేజర్ గాజుపలక మీద పడగానే అక్కడ లేత ఆకుపచ్చ వెలుగు లేచింది. పోయినేడాది ఇదే వెలుగు చూసి ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. గాజు మీద తాను పూసిన పల్చని పొరే అలా వెలుగుతోందనుకున్నారు. బర్గూరు దగ్గరి ఈ కాలేజీలో, అరకొర సామానుతో, పంతొమ్మిదేళ్ళు ఒంటరిగా పనిచేస్తే దొరికిన ఒకే ఒక్క ఫలితం అది. పేపర్ అచ్చయింది. బెంగళూరులో పెద్ద ఉద్యోగానికి పిలుపొచ్చింది.

ఇవాళ చప్పట్లు లేవు. వేరే ల్యాబుల వాళ్ళు చేసి చూస్తే వెలుగు రాలేదట. అందుకని సార్ ఇప్పుడు పొర పూయని ఉత్త గాజు పెట్టారు. అదీ వెలిగింది.

"పొరది కాదమ్మా. ఇది పసుపు. ఈ లేజర్ పడితే పసుపు ఇట్లే మెరుస్తాది."

"కూర చెయ్యి తగిలిందేమో సార్?"

"నూనె జాడ లేదు. ఒంటికి పూసుకునే పసుపే." ఆయన చూపు సుమ మెడలోని పసుపుతాడు మీద ఆగింది.

"గ్లోవ్స్ లేకుండా నేనెప్పుడన్నా ముట్టినానా సార్?"

"పలకలు ముట్టేది ముగ్గురం. నేను, నువ్వు, కడిగే సుబ్బక్క."

సుబ్బక్క చీపురుతో తలుపు దగ్గరే నిలబడి ఉంది. రోజూ అందరికంటే ముందు వచ్చి, దుమ్ము రాకుండా లోపల గడియ పెట్టుకునేది. గది ఊడ్చి, పలకలు కడిగి ఆరబెట్టి, చివర్న మొహం కడుక్కుని బయటికి వచ్చేది. ఆ గదిలో అద్దాలెక్కువ. ముట్టొద్దని మొదటిరోజే చెప్పారు. ఆమె ఏనాడూ ముట్టలేదు, చూసేదంతే.

"అయితే ఆమెనూ అడగండి సార్."

"ఏమడగాల? మొగుడు పోయి పదహారేళ్ళు. ఆమెకు పసుపు యాడిది?"

సుమ నాలుక కరుచుకుంది. "తప్పైపోయింది సుబ్బక్కా. మనసులో పెట్టుకోవద్దు."

"పోనీలేమ్మా," అంది సుబ్బక్క, తల ఎత్తకుండా.

సార్ పేపర్ వెనక్కి తీసుకున్నారు. బెంగళూరు మళ్ళీ పిలవలేదు. నా దగ్గర నీ పీహెచ్‌డీ సాగదని సుమతో చెప్పేశారు.

సుమ వెళ్ళిపోయే రోజు సుబ్బక్క ఆమె పెట్టె మోసుకుని బస్‌స్టాపు దాకా వచ్చింది.

"యాడికి పోతావమ్మా?"

"హోసూరు పక్కన మూకండపల్లికి. మా ఆయన కంపెనీలోనే ఏదో పని చూసినాడు." సుమ సంచిలోంచి నాలుగు గీతల నోటుబుక్కు తీసి ఇచ్చింది. "నీ పేరు రాసేది వచ్చేసింది కదా. మిగిలింది నువ్వే దిద్దుకో."

"నువ్వు చెయ్యలేదని నాకు తెలుసమ్మా."

"నీకొక్కదానికి తెలిస్తే ఏమొస్తాదక్కా?"

హోసూరు బస్సు వచ్చింది. సుబ్బక్క నోరు తెరిచింది. కండక్టర్ విజిల్ వేశాడు.

ఆ తర్వాత కడిగిన పలక ఒక్కటీ వెలగలేదు.

"చూసినావా సుబ్బక్కా, ఆ పిల్ల పోతానే మచ్చ పోయింది," అన్నారు సార్. ఖాళీ గదిలో ఆయనకు మాట్లాడటానికి ఇంకెవరూ లేరు.

సుబ్బక్క ఊడుస్తూనే ఉంది. ఇప్పుడామె తలుపుకు గడియ పెట్టుకోవడం లేదు.

ఆ అద్దాల ముందు రోజూ పసుపు పూసుకున్నది నేను.

సుబ్బక్క, అరవై రెండేళ్ళు, వేప్పనపల్లి