పేరు మారిన గది

“డాక్టరు దగ్గరా నా దగ్గరా దాపరికం పనికిరాదు చెల్లెమ్మా. దీన్నేం చేశావు?”

రిపేరు షాపాయన లాప్‌టాప్ మూత తెరిచి, కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశాడు. ఒకప్పుడు కాలేజీ ల్యాబులో పనిచేశాడని వీధంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది.

“తుడిచానండీ. పొడిగుడ్డతోనే.”

“ఆ గుడ్డతోనేనా?”

అప్పుడు చూసుకుంది. వంట మధ్యలో లేచి వచ్చేసిందేమో, నీలి గళ్ళ తువ్వాలు ఇంకా భుజం మీదే ఉంది. సిగ్గుపడి సంచిలో కుక్కుకుంది.

“పొద్దస్తమానం ఇక్కడే వేలాడుతుందండీ. నన్ను దండెమనుకుంటుంది.”

మాస్టారు నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

లాప్‌టాప్ ఆమెది కాదు, భర్త మొదటి భార్యది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. అందులో రెండు ఖాతాలున్నాయి. ఒకటి ‘అమ్మ’, రెండోది ‘పిచ్చుక’. పిచ్చుకంటే తొమ్మిదేళ్ళ కూతురు. ఆ ముద్దుపేరు తల్లి పెట్టిందే. సాయంత్రాలు పిల్ల ‘అమ్మ’ని తెరవగానే తల్లి గొంతు పలుకుతుంది: “పిచ్చుకా, పాలు తాగావా?” ఏ చల్లని వేళ ఆవిడ అలా అమర్చి పెట్టిందో! ఈమె ఆ ఇంటికి వచ్చినప్పట్నుంచీ, ఏడాదిగా, ప్రశ్న ఆవిడది, పాలు ఈమెవి. గొంతు వినగానే గ్లాసు తీసుకెళ్ళి పిల్ల పక్కన పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చేస్తుంది.

నిన్న సాయంత్రం ఆ గొంతు పలకలేదు. ఫొటోలు లేవు, తల్లి రాసి పెట్టిన ఉత్తరాలు లేవు. ఉత్త నీలం తెర. మూల ‘తాత్కాలిక ఖాతా’ అంటూ రెండు ముక్కలు. పిల్ల ఒక్క కేక పెట్టి, పోయి దుప్పటి ముసుగేసింది.

“అప్పట్నుంచి నా మొహం చూట్టం లేదు మాస్టారూ. అసలే మాటలు తక్కువ. ఏడాదయినా ‘పిన్నీ’ అని నోరారా పిలిచింది లేదు. ‘ఇదిగో’ అంటుంది, అంతే. ఆయనేమో, ‘నీకు సర్దుడు జబ్బు, ఏం సర్దావో గుర్తు తెచ్చుకో’ అంటారు.”

“సర్దావా మరి?”

“మొన్న తుడుస్తుంటే బటన్ నొక్కుకుపోయి ఆగిపోయింది. అదేనేమో.” ఆమె తలెత్తి గోడకేసి చూసింది. “నాలుగింటికి బడి వదుల్తారు. ఈలోగా అన్నీ రాకపోతే, దానికి వాళ్ళమ్మ రెండోసారి పోయినట్టే. ఈసారి పొట్టనపెట్టుకుంది నేనవుతాను.”

గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. మాస్టారు ఇంకేమీ అడక్కుండా మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపి, పనిలో పడ్డాడు. చాలాసేపు మీటల టకటకలే. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగింది. తెరకేసి చూస్తూ, “అదీ సంగతి” అని గొణుక్కున్నాడు.

“దొరికాయా?”

“పోతేగా దొరకడానికి! చూడు, ఇందులో ఒక్కొక్కరికీ ఒక్కో గది. తలుపు మీద పేరుబోర్డు. ఆ బోర్డు చూసే ఈ మొద్దు లోపలికి వెళ్తుంది. బోర్డు మారిందా, సామానంతా కళ్ళెదుటే ఉన్నా గుర్తుపట్టదు. మనల్ని తీసుకెళ్ళి ఏదో ఖాళీ గదిలో కూచోబెడుతుంది. ఎవరో ఆ గది పేరు మార్చారు. నీ గుడ్డ తప్పూ లేదు, బటన్ తప్పూ లేదు.”

“ఎవరు మార్చారు?”

మాస్టారు కాస్త తటపటాయించాడు. “నిన్న సాయంత్రం నాలుగూ నలభైకి. పిచ్చుక ఖాతాలోంచి.”

ఆమె మొహంలో వచ్చిన వెలుగు వచ్చినట్టే పోయింది.

“అంటే, పిల్లే...” సంచి తాడు వేలికి చుట్టుకుంది. “మొన్న పాత ఫోనొకటి పట్టుకుని వంటింటి గుమ్మంలో నించుంది. నేనిటు తిరగ్గానే తుర్రుమంది. ఏదో దాస్తోందని అప్పుడే అనుకున్నా. వాళ్ళమ్మ సామాను నా కంటబడకుండా దాచుకోబోయింది కాబోలు. నేనేమో గుడ్డేసుకుని రోజూ దాని చుట్టూనే తిరుగుతుంటాను.”

“అలా అనుకోకు.”

“తప్పేముంది మాస్టారూ? దానిది అది దాచుకుంటుంది. మీరు మళ్ళీ ఎప్పటిలా పెట్టెయ్యండి. నేను దాన్నేమీ అడగను.”

పది నిమిషాలు గడిచాయి. షాపు మధ్యలో, విప్పిన పెట్టెల నడుమ, ఓ ఆడగొంతు చనువుగా పలికింది: “పిచ్చుకా, పాలు తాగావా?”

ఆమె చటుక్కున లేచింది. చేతులు అలవాటుగా గ్లాసు కోసం తడుముకున్నాయి. షాపులో ఉన్నానని గుర్తొచ్చి, తడికళ్ళతోనే నవ్వేసింది. ఫొటోలు, ఉత్తరాలు, ఆవిడ పెట్టుకున్న మందారం బొమ్మ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

“మీ మేలు మరిచిపోను. వెళ్ళొస్తాను, బడి వదిలే వేళయింది.” మూత వెయ్యబోయింది.

“ఆగు చెల్లెమ్మా. పాత బోర్డు పెట్టాలంటే ఒకదాన్ని పక్కకి జరపాల్సొచ్చింది. తీసెయ్యలేదు. దాన్నేం చెయ్యాలో నువ్వే చెప్పాలి.”

“ఏమిటది?”

“పిల్ల ఆ గదికి ఏం పేరు పెట్టిందో తెలుసా? ‘మొదటి అమ్మ’ అని.”

ఆమెకి అర్థం కాలేదు.

“ఒకేచోట రెండిటికి ఒకే పేరు పెట్టనివ్వదిది. ‘అమ్మ’ అన్న పేరు ఇంకోదానికి కావలసొచ్చింది పిల్లకి. అందుకని పాతదాని పేరు మార్చి, పక్కనే ‘అమ్మ’ పేరుతో కొత్త గది చేసుకుంది. అలా చేస్తే అంతా మాయమైపోతుందని దానికేం తెలుసు, పసిది! బెదిరిపోయి ఉంటుంది. ఆ కొత్తదాంట్లో ఒకే ఒక్క ఫొటో ఉంది.”

మాస్టారు తెరను ఆమె వైపు తిప్పాడు. గుమ్మంలోంచి తీసిన ఫొటో, కాస్త వంకరగా వచ్చింది. పొయ్యి దగ్గర ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు. మొహం కనబడదు.

భుజం మీద నీలి గళ్ళ తువ్వాలుంది.