చెరుకా, మక్కజొన్నా

“పేషెంటు రాలేదు కదా? మంచిదే,” అంటూ డాక్టర్ హైమ ఫైలు తెరిచింది. పేషెంటు వస్తే ఆవిడ అసలు సంగతి చెప్పదు. అతన్ని బయట కూర్చోబెట్టి, వెంట వచ్చినవాళ్లకే చెబుతుంది. మన దగ్గర చాలామంది డాక్టర్ల పద్ధతి అదే.

ఫైలు మీద నర్సింలు అని ఉంది. యాభై రెండేళ్లు, బోధన్ దగ్గర చెరుకు రైతు. మెదడులో గడ్డ. నెల కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది.

ఎదురుగా కూర్చున్నాయన తలకు చుట్టిన రుమాలు తియ్యలేదు. ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

“మా అన్నది మేడం. అక్కడి డాక్టర్లు అన్నకొడుకుకు చెప్పిండ్రు. వాడేమో గడ్డ తీసేసిండ్రు, ఇగ ఏం లేదంటున్నడు. వాని మొకం జూస్తె నమ్మబుద్ధైతలేదు.”

తలనొప్పి ఎప్పుడొస్తుందని ఆవిడ అడిగింది. తెల్లారంగనే, కళ్లు తెరవకముందే అన్నాడు. ఒక్క బల్బు రెండుగా కనబడుతుందనీ, నోటిదాకా వచ్చిన పేరు బయటికి రాదనీ చెప్పాడు. అన్నను ఇంతగా కనిపెట్టుకునే తమ్ముళ్లు ఇంకా ఉన్నారన్నమాట, అనుకుందావిడ. ముచ్చటేసింది, జాలీ వేసింది.

అందుకే దాచలేదు. గడ్డ ముక్కను పరీక్షిస్తే ఒక ఎంజైము విపరీతంగా ఉన్నట్టు తేలిందని చెప్పింది. అది చుట్టూ ఉన్న పొరలను కరిగించి దారి చేస్తుంది. ఆ దారిలో, మిగిలిపోయిన కాస్త గడ్డ తనకోసం కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది.

“కాల్వకట్ట తెంపి సొంత మడికి నీళ్లు మలుపుకున్నట్టు,” అన్నాడాయన.

“అచ్చం అంతే. ఆ గండి పూడ్చే ఇంజెక్షన్ ఉంది. కొన్నాళ్లు ఆపుతుంది. తర్వాత ఇంకోచోట తెంపుకుంటుంది.”

 ఇంకెన్ని నెలలని ఆయన అడగలేదు.

“దుక్కి తయారుంది మేడం. చెరుకు ఏడాది పంట. మక్క నాలుగు నెలలల్ల చేతికొస్తది. అన్నను ఏది ఎయ్యమంటరు?”

ఇన్నేళ్లలో ఆవిడను ఎవరూ అలా అడగలేదు. చూపు తిప్పుకుంది.

“మక్కే వెయ్యమనండి.”

అన్నకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వొద్దని మరీ మరీ చెప్పింది. సరేనని తలూపి ఫైలు తీసుకున్నాడు.

సాయంత్రం బోధన్‌లో బస్సు దిగి నేరుగా విత్తనాల దుకాణానికి పోయాడు.

మక్క విత్తనాల సంచి ముందర పెట్టిన సేటు, బిల్లు ఎవరి పేరు మీద రాయాలని అడిగితే, ఆయన రుమాలు విప్పి, నెల కిందటి కుట్ల మీద చెమట మెల్లగా అద్దుకుని, “నర్సింలు” అన్నాడు.