మైసి పెదవులు

టీవీలో బొమ్మను ఆపి, భానుశ్రీ స్కేలుతో అందులోని పిల్ల మూతిని చూపించింది.

"ఈ పెదవులు చూడండి. కదులుతున్నాయి, శబ్దం లేదు. ఇది మామూలు మూగతనం కాదు."

మాదాపూర్‌లో ఆ ఆఫీసు తెరిచి ఏడాది కాలేదు. శనివారం మధ్యాహ్నం సినిమా వేసి, అందులోని మనుషుల మనస్తత్వం గురించి మాట్లాడే కార్యక్రమం భానుశ్రీ మొదలుపెట్టింది. ఎమ్మే సైకాలజీ చదివి ఇక్కడ హెచ్‌ఆర్‌లో సెలవు చీటీలు చూసుకుంటూ కూర్చున్నానన్న ఉక్రోషం ఆమెది. ఈ ప్రసంగం నచ్చితే ఢిల్లీ సదస్సుకు పంపుతానని ఎండీ మాటిచ్చాడు.

సినిమా ఇరవై ఏళ్ల కిందటిది. దొర దగ్గర మేకలు కాసే మైసి అనే మూగపిల్ల కథ. ఆపిన సీన్లో దొర ఆమె సొంత మేకను లాక్కుపోతున్నాడు.

"మైసి ఎవరి కళ్లలోకీ చూడదు. మేకలతో తప్ప మనుషులతో కలవదు. తనలో తనే పెదవులు ఆడిస్తుంది. ఇది ఆటిజం. ఈ దర్శకుడు ఎంత లోతుగా ఆలోచించాడో గమనించండి."

ముప్పై మంది తలలూపారు.

"గా పిల్లకు బీమారేం లేదు మేడం."

తలుపు దగ్గర టీ కప్పులు ఏరుతున్న ఆవిడ అంది. పేరు అంజమ్మ. భానుశ్రీకి ఆ పేరు తెలియదు. చీపురు పట్టేవాళ్ల పేర్లు తనకెందుకన్నది ఆమె పద్ధతి.

"ఏమన్నావ్?"

"దొర ముంగట కండ్లెత్తి ఎవలు జూస్తరు? భయం గది. పిల్ల మాట్లాడుతనే ఉంది మేడం. 'నా మేకనిడిసిపెట్టు దొరా, దాని పాలతోనే మా తమ్ముడు బతుకుతుండు' అంటుంది. మల్లోపారి ఏసి మూతి జూడుండ్రి."

హాలంతా నవ్వింది. వెనక వరసలో ఎవడో "ఇడిసిపెట్టు" అని సాగదీశాడు.

భానుశ్రీకి ఒళ్లు మండిపోయింది.

"నువ్వెంత వరకు చదువుకున్నావ్?"

"చదువుకోలే."

"అయితే నోరు మూసుకో. నేను దీని మీద ఆర్నెల్లు పనిచేశాను."

"జర ఒక్కపారి జూడుండ్రి. పిల్లను పిచ్చిదాన్ని జెయ్యకుండ్రి."

"పిచ్చి అని ఎవరన్నారు? రమేష్ ఎక్కడ? పిలవండి."

సూపర్‌వైజర్ రమేష్ పరుగున వచ్చాడు.

"ఈవిడ నాకు ఇక్కడ కనిపించకూడదు."

"మాఫ్ చేయుండ్రి మేడం. ఇంట్ల సంపాయించేది గామె ఒక్కతే," అన్నాడు రమేష్.

"అది నా తలనొప్పి కాదు. తీసెయ్. ఇప్పుడే."

"ఒక్క ముచ్చట చెప్పి పోత మేడం," అంది అంజమ్మ.

"ఒక్క మాట కూడా వద్దు."

అంజమ్మ కప్పులు కింద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, టీవీ వంక కాసేపు చూసి వెళ్లిపోయింది. పీడ విరగడైందనుకుంది భానుశ్రీ.

పావుగంటకు ముఖ్య అతిథి నరసింహమూర్తిగారు వచ్చారు. ఆ సినిమాకు శబ్దం రికార్డు చేసినాయన. ఆలస్యానికి క్షమాపణ చెప్పి, ముందు వరసలో కూర్చున్నారు.

భానుశ్రీ తన వాదనంతా ఉత్సాహంగా వినిపించి అడిగింది.

"మైసిని ఆటిజం ఉన్న పిల్లగా తీయాలని దర్శకుడికి ఎలా తోచిందండీ?"

ఆయన ఇబ్బందిగా కదిలారు.

"అలాంటిదేం లేదమ్మా. ఆ అమ్మాయి డైలాగులన్నీ చెప్పింది. నేనే రికార్డు చేశాను."

"మరి?"

"ఇక్కడే పుప్పాలగూడ గుట్టల్లో తీశాం. అక్కడ మేకలు కాసుకునే పిల్లకే వేషం ఇచ్చాం. ప్రాణం పెట్టి చేసింది. తీరా అయ్యాక, కథానాయిక నోట ఈ యాస వింటే జనం నవ్వుతారని నిర్మాత భయపడ్డాడు. వేరేవాళ్లతో చెప్పిద్దామంటే డబ్బుల్లేవు. గొంతు తీసేసి మూగపిల్ల అన్నాం. నా చేత్తోనే తీసేశాను."

భానుశ్రీ స్కేలుతో మళ్లీ మైసి పెదవులను చూపించింది.

"ఇక్కడ... ఈ సీన్లో ఏమంటుందండీ?"

"నా మేకనిడిసిపెట్టు దొరా అంటుంది. దాని పాలతోనే తమ్ముడు బతుకుతున్నాడని."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారో తెలుసాండీ?"

నరసింహమూర్తిగారు వింతగా చూశారు.

"అదేంటమ్మా, మీ దగ్గరే పనిచేస్తోందని మీ వాచ్‌మనే చెప్పాడు. ఇందాక గేటు దగ్గర అంజమ్మా అని పిలిచాను, ఒక్క మాటైనా మాట్లాడకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయింది."