సగం రోజు కూలి

మధ్యాహ్నం కాగానే పెయింటర్ బ్రష్షులు కడిగేశాడు.

"అప్పుడే ఏంటయ్యా? హాలు సగం కూడా కాలేదు," అంది ఇంటావిడ.

"చిన్న పనుందమ్మా. రేపు పెందలాడే వచ్చి పూర్తి చేస్తాను."

"వారంలో ఇది రెండోసారి. సగం రోజు కూలే ఇస్తాను, తర్వాత అడక్కు."

"అలాగేనమ్మా."

వాదించే ఓపిక కూడా లేదతనికి.

ఆవిడ భర్త పేపరు మడిచాడు. "చూశావా, కౌన్సిలర్లకు జీతం పెంచాలట! సేవ చేస్తామని ఓట్లడిగినవాళ్లకు జీతమెందుకు?"

ఎదుటివాడి జీతం మాటొస్తే ధర్మపన్నాలకు కరువుండదు.

"మన కౌన్సిలర్‌కైతే ఇప్పుడిచ్చేదీ దండగే," అంది ఆవిడ. "మనమీ ఇంట్లో దిగి మూడు నెలలు. మురుక్కాలవ పొంగి గడప దాటుతోంది. అత్తయ్య జారిపడి మంచం పట్టింది. ఎప్పుడెళ్లినా ఆయన కుర్చీ ఖాళీ. ఎక్కడ వెనకేసుకుంటున్నాడో!"

పెయింటర్ గుమ్మం దగ్గర ఆగాడు. "కాలవ పని అయిపోతుందిలెండమ్మా."

"ఇంకేం, నువ్వు చెప్పావుగా!" నవ్వాడు భర్త.

ఇంటి రంగులు పూర్తయ్యాయి. అన్నట్టే ఆవిడ కూలి కోసి ఇచ్చింది.

నెల తిరక్కుండా మనుషులొచ్చి కాలవ తవ్వారు. తవ్వినవాళ్లు సగంలో వదిలేసి పోయారు. వాన పడితే ఈసారి వంటింటిదాకా మురుగే.

భర్త మండిపడుతూ వార్డు ఆఫీసుకెళ్లాడు. కుర్చీ ఖాళీ.

"ఆయన రాజీనామా చేశారు సార్," అన్నాడు గుమాస్తా.

"పని సగంలో పెట్టి పారిపోయాడా?"

"ఆయనుంటే ముక్కుపిండి చేయించేవారు. అసలు మీ సందుకు డబ్బే లేదన్నారు. మీటింగులో ఒక్కరే పట్టుబట్టి సాధించారు."

భర్తకు సిగ్గేసింది. "మరెందుకు మానేశాడు?"

"ఇక్కడిచ్చేది బస్సు ఖర్చులకే చాలదు. మీటింగుకొచ్చినప్పుడల్లా బయట కూలి పోతోంది. ఇల్లు గడవద్దూ?"

"ఇప్పుడు ఆ సీట్లోకి ఎవరొస్తారు?"

"మీ కాలవ కాంట్రాక్టరే నిలబడుతున్నాడు. జీతం పైసా అక్కర్లేదంటున్నాడు. ఇక ఆయన ఆడింది ఆట."



"పాతాయన ఎక్కడుంటాడు? వెళ్లి బతిమాలుకుంటాం. కాళ్లైనా పట్టుకుంటాం."

గుమాస్తా గడియారం వైపు చూశాడు.

"ఈ వేళప్పుడు ఇంట్లో దొరకరు సార్, ఎవరింట్లోనో గోడలకు రంగులేస్తుంటారు."